నూనె రాసి ప్రార్థన, ఒకరితో ఒకరు ఒప్పుకోలు: ఇంట్లో రోగి ఉన్నప్పుడు ఎలా చేయాలి

మా వైపు ఎవరైనా మంచాన పడితే రెండు చోట్లకి కబురు వెళ్తుంది. ఒకటి ఊళ్ళో ఆర్‌ఎంపీకి, రెండోది మందిరానికి. పొద్దుగూకేసరికి అరుగు ముందు చెప్పులు గుట్టపడతాయి. పదిహేను మంది ఆ చిన్న గదిలో ఇరుక్కుని, ఫ్యాను గాలి కూడా రోగికి తగలకుండా చుట్టూ నిలబడి, ఒక్కసారే గొంతెత్తుతారు. అయ్యాక టీలు తాగి, "ప్రభువు చూసుకుంటాడమ్మా" అని లేస్తారు. మంచం మీద మనిషి గుండెలో ఏముందో ఎవరూ అడగరు. అంత మందిలో అడిగినా చెప్పలేడు.

బైబిల్లో యాకోబు పత్రిక 5వ అధ్యాయం 14, 15 వచనాలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. సంఘపు పెద్దలను పిలిపించాలి, వారు ప్రభువు నామమున నూనె రాచి ప్రార్థన చేయాలి. 16వ వచనం సగమే వచ్చు. "నీతిమంతుని విజ్ఞాపన" అంటూ మొదలయ్యే రెండో సగం గోడ క్యాలెండర్ల మీద ఎన్నోసార్లు చూశాను. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అన్న మొదటి సగం ఏ క్యాలెండరు మీదా ఇంతవరకు నా కంటబడలేదు. ఈ వ్యాసం ఆ సగం గురించే. పాతికేళ్ళుగా పాలకొల్లు చుట్టుపక్కల చిన్న సంఘాల్లో ఇలాంటి ప్రార్థనలకి వెళ్తున్నాను. తప్పులు చేసి నేర్చుకున్నది ఎక్కువ.

ముందు ఆసుపత్రి సంగతి

ఛాతీలో నొప్పి, మూతి వంకరపోవడం, చెయ్యో కాలో పడిపోవడం, పాముకాటు, ఆగని వాంతులు విరేచనాలు: ఇలాంటివైతే ముందు 108కి ఫోన్ చేయండి. ప్రార్థన అంబులెన్సులో కూర్చుని కూడా చేయొచ్చు. చేలో పాము కరిచిన మనిషిని మందిరానికి మోసుకురాకండి.

షుగరు, బీపీ, మూర్ఛ, టీబీ మందులు ప్రార్థన అయ్యాక ఆపేయమని ఎంత పెద్ద సేవకుడు చెప్పినా ఆపొద్దు. టీబీ మందు మామూలుగా ఆరు నెలలు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గి, ఒళ్ళు కాస్త తేరుకుని, జబ్బు పోయిందనిపిస్తుంది. అక్కడ ఆపితే మందుకి లొంగని జబ్బై తిరగబడొచ్చు. స్వస్థత కలిగిందని మీరు నమ్మితే పరీక్ష చేయించండి. మందు ఆపాలో తగ్గించాలో డాక్టరు చెబుతాడు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే కదా. అదే పౌలు తిమోతికి కడుపు జబ్బు ఉందని తెలిసి, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు, విశ్వాసం చాలలేదని మందలించలేదు.

ఎవరిని పిలవాలి

వచనంలో "పిలిపింపవలెను" అన్నది రోగిని ఉద్దేశించి. అంటే కబురు మంచం మీద మనిషి ఇష్టంతో వెళ్ళాలి. కోడలు పిలిచిందనో, పక్కింటి పిన్నమ్మ ఫోన్ చేసిందనో వెళ్ళినప్పుడు, ముందు రోగినే అడగండి: "ప్రార్థన చేయమంటారా అండి?" వద్దంటే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, వచ్చేయండి. అందులో అవమానమేమీ లేదు.

రెండోది, అక్కడ ఉన్నది "పెద్దలు". పెద్ద పేరున్న ఒక్కరు కాదు, స్టేజీ కాదు, మైకు కాదు. ఈ మాట గోదావరి డెల్టా వాళ్ళకి కొత్త కాకూడదు. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి బయల్దేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పని మొదలుపెట్టారు. వాళ్ళ తరవాత ఊరూరా నిలిచిన బ్రదరన్ సహవాసాల్లో జీతం తీసుకునే పాదిరి ఉండడు, పెద్దలే సంఘాన్ని చూసుకుంటారు. పొద్దున కొబ్బరికాయలు దింపించి, సాయంత్రం బైబిలు పట్టుకుని వచ్చే మనుషులు. యాకోబు చెప్పింది అలాంటివాళ్ళ గురించే అని నా ఉద్దేశం. రోగికి షుగరుందో లేదో, ఇంట్లో అప్పుందో లేదో, కొడుకు ఏ ఊళ్ళో పనిచేస్తున్నాడో ముందే తెలిసినవాళ్ళు. దూరం నుంచి వచ్చే స్వస్థత కూడికల్లో దేవుడు పనిచేయడని నేననను గాని, అక్కడ మీ పాపాన్ని మీరు ఎవరితో ఒప్పుకుంటారు?

ఇద్దరు చాలు, ముగ్గురైతే ఎక్కువే. రోగి ఆడమనిషైతే కనీసం ఒక సహోదరి వెళ్ళాలి. ఒప్పుకోలు మాట్లాడేది ఆవిడతోనే.

రోగమంటే పాపమని మొదలుపెట్టకండి

15వ వచనంలో "అతడు పాపములు చేసినవాడైతే" అని ఉంది. ఆ "అయితే"ని మింగేసి, రోగి తలుపు తట్టీ తట్టకముందే "ఏదో దాచారు, ఒప్పుకోండి" అని నిలదీసేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఒకరుంటారు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు గుడ్డివాణ్ణి చూసి, వీడు చేసిన పాపమా, వీడి కన్నవాళ్ళదా అని అడిగితే, ఇద్దరిదీ కాదన్నాడు యేసు. బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకుని జబ్బున పడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు విప్పకుండా నేల మీద కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు, మాట్లాడ్డం మొదలెట్టాకే పాడుచేశారు. క్యాన్సరు వచ్చిన మనిషిని పాపాల కోసం తవ్వడం క్రూరత్వం.

అలాగని అసలు ఎత్తకుండా ఉండడమూ సరికాదు. చెప్పుకోవాలనున్నా దారి దొరక్క మగ్గేవాళ్ళు ఉంటారు. దావీదు 32వ కీర్తనలో మౌనంగా ఉన్నన్నాళ్ళు తన ఎముకలు క్షీణించాయన్నాడు. దానికి ఒక్క ప్రశ్న చాలు. నేనైతే ఇలా అడుగుతాను: "బాబాయ్, ప్రార్థనకి ముందు మీ మనసులో ఏమైనా బరువుందా? ఉంటే చెప్పండి, లేకపోతే లేదు." అడిగి ఊరుకుంటాను. ఒక నిమిషం పాటు గదిలో గడియారం చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆ నిమిషాన్ని పాటతో నింపేయకండి. చాలామంది ఆ నిమిషం తరవాతే నోరు విప్పుతారు.

ఎవరి దగ్గర ఒప్పుకోవాలి

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. కతోలికులకైతే గురువు దగ్గర తెర చాటున పాపసంకీర్తనం, అంటే పాపాల ఒప్పుకోలు, ఉంది. విన్నది ప్రాణం పోయినా బయటపెట్టకూడదన్నది ఆయన మీదున్న కఠినమైన నియమం. లూథరన్ మందిరాల్లో ఆరాధన క్రమంలోనే అందరూ కలిసి ఒప్పుకోలు చదువుతారు. మిగతా సంఘాల్లో మనకి ఆ తెర లేదు, ఆ నియమం లేదు. మనిషి నోరే మనకి తాళం. అందుకని ఆ నోరు ఎలాంటిదో ముందే చూసుకోవాలి.

నా గుర్తు ఒకటే. ఆ మనిషి మీ దగ్గర కూర్చున్నప్పుడు ఇంకొకరి గుట్టు మీకెప్పుడైనా చెప్పాడా? "మీరు ప్రార్థన చేస్తారని చెబుతున్నాను" అంటూ చెప్పినా సరే, చెప్పినట్టే. అలాంటి మనిషికి మీ సంగతి చెప్పకండి, ఎంత కన్నీటితో ప్రార్థించేవాడైనా. ఇంకా, మీకు అప్పిచ్చినవాళ్ళు, మీతో పొలం తగాదా ఉన్న చుట్టాలు, మీ చీటీ పాట నడిపేవాళ్ళు వద్దు. మగవాళ్ళు మగవాళ్ళతో, ఆడవాళ్ళు ఆడవాళ్ళతో.

మన దగ్గర గుట్టు బయటికి పోయే దారి కొండెం కాదు, "ప్రార్థన అంశం". ఇది నేను చేసిన తప్పే కాబట్టి గట్టిగా చెప్పగలను. పన్నెండేళ్ళ కిందట మా సంఘంలో ఒక సహోదరి, భర్తకి తెలీకుండా వడ్డీకి తెచ్చిన డబ్బు గురించి మా ఆవిడకీ నాకూ చెప్పుకుంది. శుక్రవారం ఉపవాస కూటంలో నేను లేచి, "ఒక కుటుంబంలో తెలియని అప్పుల విషయమై ప్రార్థన చేద్దాం" అన్నాను. పేరు చెప్పలేదు కదా అనుకున్నాను. మా పేటలో ఉన్నదే అరవై గడప. సాయంత్రం కుళాయి దగ్గరకి బిందెలు చేరేసరికి అందరికీ తెలిసిపోయింది. క్షమాపణ అడగడానికి వాళ్ళింటికి వెళ్తే కుర్చీ వేసి, టీ ఇచ్చి, "పర్లేదండి" అంది. మళ్ళీ మా మందిరం గడప తొక్కలేదు.

అందుకే ఇప్పుడు ఒప్పుకోలు వినే ముందే పైకి మాట ఇస్తాను: "ఇది ఈ గది దాటదు. మా ఇంట్లో కూడా చెప్పను." వాట్సాప్ గ్రూపులో రోగి పేరు, జబ్బు పేరు, ఆసుపత్రి ఫొటో పెట్టాలన్నా రోగినే అడిగి పెట్టండి.

ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి

మీరు ఒప్పుకోవలసినవారైతే, ముందు రోజు ఒక కాగితం మీద రాసుకోండి. రాస్తుంటే సగం సాకులు వాటంతటవే రాలిపోతాయి. "తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు ప్రభువా" అన్నది కాలువ మీద గుర్రపుడెక్క పైపైన కోసినట్టు ఉంటుంది, పది రోజుల్లో మళ్ళీ కప్పేస్తుంది. పేరు పెట్టి చెప్పాలి. ఎలాగంటే:

"పోయినేడు దాళ్వాలో మా అన్నయ్య చేనికి వెళ్ళే తూము రెండు రాత్రులు నేనే మూశాను. అడిగితే నాకు తెలీదన్నాను."

"మూడేళ్ళుగా గట్టు చెక్కుతున్నాను. ఇప్పటికి జానెడు నా వైపు వచ్చింది."

"రొయ్యల చెరువు ఉప్పునీళ్ళు రాత్రిపూట పంట కాలువలోకి వదిలాను. కింద ఎవరి నారుమడి పోయిందో నాకు తెలుసు."

చూడండి, ఈ మూడింట్లోనూ ఎదుటివాడి తప్పు ఒక్క ముక్క లేదు. "వాడు ముందు నన్ను తిట్టాడు కాబట్టి" అన్న మాట వచ్చిందంటే అది ఒప్పుకోలు కాదు, ఫిర్యాదు. "నా వల్ల ఎవరైనా బాధపడి ఉంటే" అన్నదీ అంతే, బాధపడ్డది ఎవరో మీకు తెలుసు కదా. ఇంకొకరితో కలిసి చేసిన పాపమైతే మీ వంతు మాత్రం చెప్పండి. వాళ్ళ పేరు చెప్పే హక్కు మీకు లేదు. వ్యభిచారం లాంటివి చెప్పేటప్పుడు జరిగిందని చెబితే చాలు, ఎక్కడ ఎలా అన్న వర్ణన వద్దు. వినేవాడు అలాంటి వివరాలు తరచి తరచి అడుగుతుంటే లేచి వచ్చేయండి.

పాపం ఎంతమందిని తాకిందో ఒప్పుకోలు అంతమంది వరకే. మనసులో మెదిలిన అసూయ దేవునితో చాలు, అది పోనంటుంటే ఒక్క నమ్మకస్తుడితో. అన్నయ్య నీళ్ళు మళ్ళించుకుంటే అన్నయ్యతోనే. సంఘం డబ్బు వాడుకుంటే సంఘం ముందు. అసూయపడ్డ మనిషి దగ్గరికే వెళ్ళి "నువ్వంటే నాకు గిట్టేది కాదు, క్షమించు" అని చెబితే మీ బరువు దిగుతుంది, వాళ్ళకి ఎక్కుతుంది.

పని అయ్యాక ఆ కాగితం పొయ్యిలో పడేయండి. జేబులో మరిచిపోతే చాకిరేవు దాకా పోతుంది.

ప్రార్థన చేసే గంట

గంట అన్నాను గాని ఇరవై నిమిషాలు చాలు. వెళ్ళగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. జలుబో దగ్గో ఉన్నవాళ్ళు ఆ రోజు ఆగిపోండి. సెలైను సూది ఉన్న చెయ్యి పట్టుకోకండి, ఆపరేషను కుట్లున్న చోట చెయ్యి వేయకండి. పక్కన కుర్చీ లేకపోతే కింద చాప మీద కూర్చోండి, పడుకున్న మనిషి తలెత్తి చూడాల్సిన అవసరం లేకుండా.

నూనె సంగతి చాలామంది అడుగుతారు. ఆ దేశంలో ఇంటింటా ఉండేది ఒలీవ నూనె. యేసు చెప్పిన కథలో, దెబ్బలు తగిలిన మనిషికి మంచి సమరయుడు పోసిందీ నూనె, ద్రాక్షారసమే. మన ఇళ్ళల్లో ఉండేది కొబ్బరి నూనె. మాకైతే అదే. "ప్రార్థించిన నూనె" అని సీసాల్లో అమ్మేది కొనకండి. వచనంలో బలం ఉన్నది ప్రభువు నామానికి, విశ్వాసంతో చేసిన ప్రార్థనకి. డిసెంబరు, జనవరి పొద్దుటిపూటల్లో మా వైపు నూనె సీసాలోనే తెల్లగా గడ్డకట్టేస్తుంది. అప్పుడు చిన్న ముద్ద అరచేతిలోకి తీసుకుని మెల్లగా రుద్దండి. కరిగి వేలి కొసకి వచ్చేసరికి అది మీ ఒంటి వెచ్చదనంలోకి వస్తుంది. అలా వెచ్చబడిన వేలితో నుదుటి మీద రాసినప్పుడు, అంతదాకా బిగుసుకుని ఉన్న ఒక పెద్దావిడ భుజాలు దిగడం నేను దగ్గరనుంచి చూశాను. అడిగి రాయండి. నుదురు చాలు.

వరస ఇది. యాకోబులోని ఆ మూడు వచనాలు నెమ్మదిగా చదవండి. ఒప్పుకోలు ఉంటే అప్పుడే, మిగతావాళ్ళని అరుగు మీదకి పంపి వినండి. విన్నాక వెంటనే ప్రసంగం ఎత్తుకోవద్దు. మొహంలో "అయ్యో, నువ్వా!" అన్న భావం కనపడనివ్వొద్దు. మన పాపములను ఒప్పుకుంటే క్షమించడానికి ఆయన నమ్మదగినవాడు అన్న 1 యోహాను 1:9 వాళ్ళ పేరు కలిపి చదివి వినిపించండి. మనిషి నోట తన పేరుతో క్షమాపణ మాట వినడం కోసమే చాలామంది ఇన్నేళ్ళు ఆగి ఉంటారు.

తరవాత, మీ వంతు. "ఒకనితోనొకడు" అంటే రెండు వైపులా. రోగి ఒక్కడే పాపి, వచ్చినవాళ్ళంతా నీతిమంతులన్నట్టు లేచి వచ్చేస్తే అది విచారణ అవుతుంది. నేను ఆ రోజుకి నా మీదున్న ఒక తప్పు చెబుతాను, చిన్నదైనా నిజమైనది: దారిలో ఆటో అబ్బాయితో పది రూపాయల కోసం పెట్టుకున్న జగడం కావచ్చు, ఇంట్లో అన్న మాట కావచ్చు. "నా కోసం కూడా ప్రార్థన చేయండి బాబాయ్" అంటే, పక్షవాతంతో మాట ముద్దగా వచ్చే ఒకాయన నా తల మీద మంచి చెయ్యి పెట్టి ప్రార్థించాడు. ఆ రోజు ఎవరు రోగో నాకు తెలియలేదు.

చివరికి స్వస్థత కోసం ప్రార్థన. జబ్బు పేరు పెట్టి, నొప్పి ఎక్కడో చెప్పి, మందు పనిచేయాలని, రాత్రికి నిద్ర పట్టాలని, చూసుకునే ఆడవాళ్ళకి ఓపిక ఉండాలని అడగండి. అరవనక్కర్లేదు. ఫలానా తేదీకి లేచి నడుస్తావని మాట ఇవ్వకండి, ఆ మాట మీది కాదు.

గుట్టుగా ఉంచకూడనివి

ఇందాక గది దాటదన్నానే, దానికి హద్దుంది. మాట ఇచ్చేటప్పుడే ఆ హద్దు కూడా చెప్పండి. పద్దెనిమిదేళ్ళలోపు బిడ్డ మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోవడం నేరం. సంఘపెద్దకి మినహాయింపేమీ లేదు. దేవుడు క్షమించాడు కదా, సంఘం పరువు పోతుంది కదా అని కప్పిపెడితే ఆ బిడ్డకి రెండోసారి అన్యాయం చేసినట్టే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గాని 112కి గాని ఫోన్ చేయండి. చచ్చిపోవాలనుందని ఎవరైనా చెబితే ఆ రాత్రి వాళ్ళని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీయించండి. 14416కి ఫోన్ చేస్తే ఏ వేళైనా మాట్లాడేవాళ్ళు ఉంటారు.

భర్త చేత దెబ్బలు తింటున్న భార్యని, నువ్వే ముందు ఒప్పుకో, క్షమించు, సర్దుకుపో అని కూర్చోబెట్టడం ఒప్పుకోలు కాదు. ఆమెకి కావలసింది భద్రమైన చోటు. 181 మహిళల హెల్ప్‌లైన్.

మర్నాటి నుంచి

చెక్కిన గట్టు పార పట్టుకుని మళ్ళీ వేయాలి. సువార్తలో సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. మనం కనీసం తీసుకున్నంతైనా తిరిగిద్దాం. మంచాన ఉన్న మనిషి తానుగా చేయలేకపోతే కొడుకుని పంపొచ్చు, ఆయన సరేనంటే మీరు తోడు వెళ్ళొచ్చు. ఎదుటివాడు వెంటనే క్షమించకపోతే తొందరపెట్టకండి.

జబ్బు తగ్గితే సాక్ష్యం చెప్పేది ఆ మనిషి, మీరు కాదు. రిపోర్టు వచ్చేదాకా ఆగమనండి, సాక్ష్యంలో ఒప్పుకున్న సంగతి చెప్పాలా వద్దా అన్నది వాళ్ళిష్టం. తగ్గకపోతే విశ్వాసం చాల్లేదని ఒక్కరినీ అననివ్వకండి. పౌలు మూడుసార్లు వేడుకున్నా ఆయన శరీరంలో ముల్లు అన్న బాధ పోలేదు. తన వెంట తిరిగిన త్రోఫిమును రోగిగా మిలేతులో వదిలి వచ్చానని ఆయనే రాశాడు.

మొదటి వారం ఇల్లు జనంతో నిండుతుంది. మూడో వారానికి ఎవరూ ఉండరు, అప్పుడు వెళ్ళండి. వెళ్ళగానే "తగ్గిందా?" అని కాదు, "అన్నం తిన్నారా?" అని అడగండి. క్యారేజీలో కాస్త చారన్నం తీసుకెళ్ళండి. ఆసుపత్రికి మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో కనుక్కుని, ఆ రోజు తోడు ఎవరు వెళ్ళేదీ అక్కడే కూర్చుని తేల్చండి.